బెర్నం ఒడ్డున

జిగురు మరక ఇక వదలదేమో, అరటి గెలలు కట్టేటప్పుడైనా పాత చీర కట్టుకోవాల్సింది, పోతే పోయింది, గుడికి కుంభాభిషేకమైన రోజున కట్టని పట్టుచీర ఇంకెందుకు అనుకుంటూ అంజలై కొంగు నలుపుతోంది, హోమం పొగకి కళ్ళు మండుతున్నాయి, ఇలాగే మండేవి తోటలో రబ్బరు ఆరబెట్టే పొగగదిలో, అప్పట్లో మారియమ్మంటే రబ్బరు చెట్టు కింద పసుపు పూసిన రాయి, లోతుగా పాతకే, ఊరెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళాలి అనేది అత్త, ఏ ఊరూ వెళ్ళకుండానే పోయింది, దొరలు తోట అమ్మేశాక ఆ రాయిని ఒడిలో పెట్టుకుని బస్సెక్కి టౌనుకి తెచ్చింది అంజలై, రేకుల పాక వేస్తే ఇనప కొట్టు నడిపే చీనావాడు టాన్ పాత తలుపులు తెచ్చిచ్చాడు, పట్టుకోండక్కా, దేవుడికైనా తలుపు లేకపోతే కుక్కలు దూరవూ అని, ఇప్పుడు పాక లేదు, గోపురం, దాని మీద రంగురంగుల చిలకలు, ఎంత బాగున్నాయో.

నాగపట్నం నుంచి మొన్ననే సముద్రం దాటి ఈ దేశం వచ్చిన పూజారి సంకల్పం చెబుతున్నాడు, భరతవర్షే, కావేరీ తీరే, అయ్యా ఆగండి, మేమున్నది అక్కడ కాదు కదా అని అంజలై నోరు జారింది, అందరూ వెనక్కి తిరిగారు, కమిటీ పెద్ద, సొంత మరిది సుందరేశన్ పళ్ళు నూరాడు, వదినా, మంత్రానికి అడ్డొస్తావా, ఏ నదైతే ఏం, అమ్మకి తెలీదా, తెలుసు మరిదీ, కానీ కావేరి అంటే పాపం అక్కడికెళ్ళి వెతుక్కోదూ మనల్ని, వెనక ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు, సుందరేశన్ మూతి కూడా నవ్వాపుకోలేక వంకర పోయింది, పూజారి నవ్వి, అలవాటున వచ్చేసింది తల్లీ, మీ నది పేరు చెప్పు అన్నాడు.

బెర్నం, అంది, బట్టలుతికిన నది, వరదకి వంటపాత్రలు ఎత్తుకుపోయిన నది, పెనిమిటి వడివేలు బూడిద కలిపింది అందులోనే, బెర్నం నదీ తీరే అని పూజారి గొంతెత్తగానే ఒళ్ళు జలదరించింది, ఇంతకాలం దాన్ని మన నది అని ఎవరూ అనలేదు, తనూ అనలేదు, గోపురం మీంచి కలశం నీళ్ళు చిలకరించారు, నెత్తిన, పట్టుచీర మీద, పక్కన టాన్ బట్టతల మీద, చల్లగా, అరవై ఏళ్ళుగా ఎవరడిగినా మాది తంజావూరు వైపు అని చెబుతూ వచ్చింది, తాతలు ఓడెక్కి వచ్చిన ఆ ఊరు ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూడలేదు, చూడాలని లేదు కూడా, తన ఊరు ఇదే.