మిరియానికి వేసే మందు

మిమ్మల్నే అంటున్నాను. ఇంట్లో ఆడమనిషి గొంతు కాస్త పెరగ్గానే గోడ మీది క్యాలెండర్ వైపు చూసే మొగుళ్ళనీ, "ఆ రోజులేమోలే" అని కళ్ళతోనే చెప్పుకునే అత్తల్నీ, ఆ మాటకి కిసుక్కున నవ్వే చుట్టాలనీ. ఆడగుర్రం కాలు విసిరినా మీది అదే మాట, ఆడమనిషి గిన్నె విసిరినా అదే మాట. ఎందుకు విసిరిందని అడిగిన పాపాన పోలేదు మీరెవ్వరూ. అడిగుంటే ఆమె రెండు ఎండాకాలాలు తన ఒంటిని తానే అనుమానించుకుంటూ బతికేది కాదు.

ఆమె పని పిల్లలకి గుర్రపుస్వారీ నేర్పడం. మామగారు పెట్టిన స్వారీ బడి, ఇప్పుడు మొగుడు నడుపుతున్నాడు. నడపడమంటే ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చుని ఫోన్లు ఎత్తడం. పొద్దున్నే గుర్రాల సాల ఊడ్చేది ఆమె, లద్దె ఎత్తేది ఆమె, దాణా కలిపేది, డెక్కల్లో ఇరుక్కున్న రాళ్ళు తీసేది ఆమె. ఆ తర్వాత ఇంటికెళ్ళి వంట. మళ్ళీ సాయంత్రం బూట్లేసుకుని మైదానంలోకి వస్తే క్లాసులు. రోజు మొత్తానికి తనదనిపించే పని ఆ ఒక్కటే. భయంతో జీను అంచు పట్టుకుని కొయ్యబారిపోయిన పిల్ల, నెల తిరిగేసరికి కళ్ళెం వదులుగా పట్టుకుని నవ్వుతూ పోతుంటే ఆ పూటకి ఆమెకి అన్నం కూడా అక్కర్లేదు. జీతం మాటెత్తకండి. "ఇంట్లో మనిషికి జీతమేంటి, నవ్వుతారు" అని మొగుడు మొదట్లోనే తేల్చేశాడు. ఎవరు నవ్వుతారో చెప్పలేదు.

ఆ సాలలో మిరియం ఒక్కతే ఆడగుర్రం. నల్లగా, పొట్టిగా, ఘాటుగా ఉంటుందని పిల్లలు పెట్టిన పేరు. చలికాలమంతా బంగారం. పగళ్ళు పొడుగై ఎదకు రావడం మొదలైందంటే మాత్రం దాని ఒంట్లో అది ఉండదు. పక్క గదిలోని గుర్రాన్ని చూసి కీచుమంటుంది, తోకెత్తి నిలబడ్డ చోటే చిత్తడి చేస్తుంది, పొట్ట పట్టీ బిగించబోతే చెవులు వెనక్కి అణిచి పళ్ళు చూపిస్తుంది. తగ్గిందనుకునేలోపే మళ్ళీ మొదలు. కిందటేడు ఒక పెద్దమనిషి తొడ మీద తన్నేసరికి, దాన్ని అమ్మి పారేద్దామన్నాడు మొగుడు. ఆమె అడ్డం పడింది. అప్పుడే గుర్రాలు చూసే పాత డాక్టరు ఎద రాకుండా ఆపే మందొకటి రాశాడు. రోజూ నాలుక మీద వెయ్యాలి. పెద్ద డబ్బా ఆఫీసు బీరువాలో పెట్టి, వాడుకోవడం సులువని చిన్న సీసాలోకి వంచి, సూది లేని సిరంజితో సహా ఆమె చేతికిచ్చాడు మొగుడు. "నువ్వే వెయ్యి. అది నీ మాట తప్ప ఎవరి మాటా వినదు." ఆ ఒక్క మెచ్చుకోలుకి ఆమె పొంగిపోయింది కూడా, పిచ్చితల్లి.

మందు పసుపుగా, నూనెలా జిడ్డుగా ఉండేది. మిరియం తల విదిలిస్తే సగం ఆమె అరచేతిలోనే. ఖరీదైనది, వృథా చెయ్యకూడదని ఆ అరచేతిని దాని నాలుకకే అందించేది, మిగిలింది ప్యాంటుకి తుడుచుకునేది. మిరియం మెత్తబడింది. ఆమె ఒళ్ళు చెడింది. నెల రాదు, వస్తే ఆగదు. ముదురురంగు ప్యాంట్లు తప్ప వేసుకోలేకపోయింది. రొమ్ములు సలుపు, తలలో రోకటిపోటు, కారణం లేకుండా కళ్ళమ్మట నీళ్ళు. చలికాలం మిరియానికి మందు ఆపిన నెలల్లో తేరుకుంది, ఎండలతో పాటు మళ్ళీ అదే వరస. రెండిటికీ లంకె ఉందన్న ఆలోచన ఆమెకి రాలేదు. ఎలా వస్తుంది? ఇంట్లోవాళ్ళు అంతకంటే తేలికైన సంగతి ఒకటి కనిపెట్టి పెట్టారుగా. "ఎండలు ముదిరితే గుర్రానికీ కోడలికీ ఒకేసారి పూనకం. గుర్రానికైతే మందుంది" అని అత్తగారు భోజనాల దగ్గర అంటే అందరూ నవ్వారు. నవ్వితే పోతుందేమోనని ఆమె కూడా నవ్వింది. రాత్రి పక్కలో మొగుడు అటు తిరిగి, "నీకు వయసు మీద పడుతోందేమో, ముందే వచ్చేస్తుందట కొందరికి" అన్నాడు, వాన వస్తుందేమో అన్నంత మామూలుగా. ముప్పై ఆరేళ్ళకేనా అని ఆమె చీకట్లో లెక్క వేసుకుంది. తన స్వభావమే ఇదేమో, ఇన్నాళ్ళూ మంచిదాన్నని నటించానేమో అనుకుంది.

ఒకరోజు క్లాసులో ఒక పిల్లవాడు సరదాకి కళ్ళెం పట్టుకుని మిరియం నోరు పీకుతుంటే ఆమె గట్టిగా అరిచింది. వాడి తల్లి ఆఫీసుకెళ్ళి ఫిర్యాదు చేసింది. ఆ తల్లితోనూ, కంచె దగ్గర నిలబడే మిగతా తల్లులతోనూ మొగుడు గొంతు తగ్గించి, "ఏమనుకోకండి, తనకి మనసు స్థిమితంగా ఉండట్లేదు" అన్నాడట. ఇంటికొచ్చి ఆమెతో, "వచ్చే నెల నుంచి క్లాసులు మా తమ్ముడు చూసుకుంటాడు. నువ్వు సాల చూసుకో, విశ్రాంతిగా ఉంటుంది" అన్నాడు. లద్దె ఎత్తడం విశ్రాంతి. ఆమె ఎదురు చెప్పలేదు. తన మీద తనకే నమ్మకం లేనప్పుడు ఏ ముఖం పెట్టుకుని పోట్లాడుతుంది?

పాత డాక్టరు ఊరు మారాడు. మందు ఇంకా ఇవ్వాలో లేదో చూడ్డానికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. పొడుగాటి మనిషి, మోచేతుల దాకా మడిచిన చొక్కా, మాట కరుకు. మిరియాన్ని స్కాన్ చేసి, వెన్ను పొడుగునా నొక్కి చూసింది.

"అండాశయాల్లో గడ్డలేం లేవు. వెన్నునొప్పీ లేదు. దీనిది సీజన్ గొడవే. ఎదకొచ్చే నెలల్లో మందు ఇద్దాం, గది కూడా మార్చండి, పక్కన ఆ గుర్రం వద్దు. చిరాకు పడిందని మాత్రం తిట్టకండి."

"నేను తిట్టనండీ. మా ఇంట్లో తిట్లు తినే డ్యూటీ కూడా నాదే" అంది ఆమె. డాక్టరమ్మ నవ్వింది.

ఆ రోజు మందు ఇంకా వెయ్యలేదు. ఆమె సీసా మూత తిప్పి సిరంజి నింపింది.

"ఆగండాగండి. గ్లవ్స్ ఏవి?"

"ఎందుకండీ? కరవదు, నాకు అలవాటే."

"కరవడం గురించి కాదు. ఎన్నాళ్ళుగా ఒట్టి చేతుల్తో వేస్తున్నారు?"

"కిందటి ఎండాకాలం నుంచి."

డాక్టరమ్మ ఆమె చేతిలోంచి సిరంజి లాక్కుంది. మణికట్టు పట్టుకుని కుళాయి దగ్గరికి నడిపించి, సబ్బు పెట్టి, చంటిపిల్లకి కడిగినట్టు రెండు చేతులూ మోచేతుల దాకా తనే కడిగింది. "ఇది గుర్రానికి ఎద ఆపే హార్మోను. చర్మంలోంచి లోపలికి పోతుంది. ఆడవాళ్ళు అసలే ముట్టకూడదు. మీకు నెల తప్పడం, ఎక్కువ పోవడం, తలనొప్పి, అలాంటివేమన్నా?"

ఆమె ఒంటి సంగతి ఆమెను ఎవరైనా అడగడం అదే మొదలు. కుళాయి కట్టెయ్యడం కూడా మర్చిపోయి మొత్తం చెప్పింది.

"నేను గుర్రాల డాక్టర్ని, మీరు మీ డాక్టరుకి చూపించుకోవాలి. మందు పేరు రాసిస్తాను, ఇది చూపించండి. ముట్టుకోవడం మానేస్తే చాలామందికి సర్దుకుంటుంది. అయినా డబ్బా మీద పెద్దక్షరాలతో ఉంటుందే, చూడలేదా?"

"నా చేతికి డబ్బా ఇవ్వలేదండీ."

డాక్టరమ్మ వెళ్ళాక ఆమె బోర్లించిన బక్కెట్ మీద కూలబడింది. ముందు కోపం రావాలి కదా, రాలేదు. నవ్వొచ్చింది. పిచ్చి కాదు, వయసు కాదు, స్వభావం కాదు. రోజూ చేతికంటిన జిడ్డు. రెండు ఎండాకాలాలుగా గుండెల మీద పెట్టుకు మోస్తున్న బండరాయి, సబ్బుతో కడిగితే పోయేదేనట. నవ్వీ నవ్వీ ఏడ్చింది, ఈసారి ఎందుకు ఏడుస్తోందో ఆమెకి తెలుసు. ఆ తెలియడమే ఎంత హాయి. మిరియం తలుపు మీంచి మెడ చాపి ఆమె జుట్టు వాసన చూసింది. "మనిద్దరిదీ ఒకటే మందటే" అని దాని ముక్కు నిమిరింది.

అప్పుడొచ్చింది కోపం. తిన్నగా ఆఫీసు గదికి వెళ్ళింది. అత్తగారు కూడా అక్కడే కూర్చుని పేపరు చూస్తోంది. ఆమె బీరువా తెరిచి డబ్బా బల్ల మీద పెట్టింది. డబ్బా వెనకాల గ్లవ్స్ పెట్టె, మూత చించి ఉంది. దాన్నీ పక్కనే పెట్టింది.

"ఈ డబ్బా మీద ఏం రాసుందో మీకు తెలుసా?"

మొగుడు చూపు తిప్పుకున్నాడు. "పాత డాక్టరు ఏదో అన్నాడు, ఆడవాళ్ళు జాగ్రత్త అని. అంత పెద్ద విషయం అనుకోలేదు."

"నేను మా అమ్మ దగ్గరికెళ్ళిన వారం మందు మీరే వేశారు. గ్లవ్స్ తొడుక్కున్నారా?"

మొగుడు మోగని ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"ఏరా, నిన్నే. తొడుక్కున్నావా?" అంది అత్తగారు.

"అంటే... మగాళ్ళకి కూడా ఏమన్నా అవుతుందేమోనని..."

అత్తగారు కళ్ళజోడు తీసి పేపరు మీద పెట్టింది. కొడుకు మొహంలోకి చూసింది. "మీ నాన్నే నయం. ఆయనకి ఏదీ తెలిసేది కాదు" అంది. కోడలి మొహం మాత్రం చూడలేకపోయింది.

మొగుడు తేరుకున్నాడు. తేరుకోవడమే కాదు, తేలికపడ్డాడు కూడా. "పోనీలే, కారణం దొరికిందిగా. అయితే నీ కోపమంతా ఈ మందువల్లేనన్నమాట. హమ్మయ్య. ఇక సర్దుకుంటావు."

"కొంత మందుది. మిగతాది నాదే. గుర్రం నోరు చీల్చే పిల్లాడి మీద రేపైనా అరుస్తాను."

ఆమె గొంతు పెరగలేదు. డబ్బా అతని ముందుకి జరిపింది.

"ఇకనుంచి మిరియం మందు మీరే వెయ్యండి. క్లాసులు నావి. మీ తమ్ముడు వస్తానంటే రమ్మనండి, సాలలో పార ఖాళీగానే ఉంది, విశ్రాంతిగా ఉంటుంది. రేపు సాయంత్రం పిల్లల అమ్మలందరూ కంచె దగ్గరికి వస్తారు కదా. నా మనసు స్థిమితంగా లేదని మీరు గుసగుసగా చెప్పింది వాళ్ళకే. ఈ గ్లవ్స్ చేత్తో పట్టుకుని, ఆ చివరున్నవాళ్ళకి కూడా వినబడేట్టు, నాకు జరిగిందేంటో, ఎవరివల్ల జరిగిందో చెప్పండి. మీరు చెప్పాకే నేను మైదానం గేటు తీస్తాను."