ఎర్రటోపీ పిట్టలు మంచులో దూరిన రోజు

మా మామ ఇస్సాత్‌కి మనుషుల మీద కంటే పిట్టల మీద గురి ఎక్కువ. రేడియో మీదైతే అసలే లేదు. "ఆ పెట్టెలోవాడు పట్నంలో పొయ్యి పక్కన కూచుని వాగుతుంటాడు. వాడి కాలికి ఎప్పుడన్నా మంచు అంటిందా?" అనేవాడు.

ఆయన నమ్మింది ఎర్రటోపీ పిట్టని. పిడికిట్లో దాస్తే కనపడదు. నెత్తిన ఎర్రమచ్చ, గడ్డం కింద నల్లమచ్చ. రెక్కల బలమున్న పెద్ద పక్షులన్నీ చలికాలం రాగానే దక్షిణానికి పారిపోతాయి, ఇది మాత్రం ఈ ఉత్తరాన మాతోపాటే పడి ఉంటుంది. భూర్జ చెట్ల కొమ్మలకి తలకిందులుగా వేలాడి గింజలు దులుపుతుంది, కిందికి దిగి మంచు మీద ఏరుకుంటుంది. గొంతులో చిన్న సంచి ఉంది దానికి. చీకటిపడేలోపు అది నింపుకుని, మంచులో జానెడు లోతున సొరంగం తవ్వుకుని, రాత్రంతా ఆ గింజల మీదే బతుకుతుంది. పిట్ట కొంచెం, తెలివి ఘనం.

ఎర్రటోపీలు వెలుగుండగానే మంచులో దూరితే వచ్చేది పొడిచలి, ఉన్నచోటే ఉండు. దూరినవి మళ్ళీ లేచి పైన్ అడవి వైపు పోతే వచ్చేది వాన, మందని తోలుకుని పరిగెత్తు. మాలో పాలుతాగే పిల్లలకి కూడా తెలిసిన మాట ఇది. చలికి మేం భయపడం. నడిచలికాలంలో వానకి భయపడతాం. మంచు మీద వాన పడి గడ్డకడితే, కిందున్న నాచు మా రెయిన్‌డీర్ జింకలకి అందదు. కాళ్ళకింద తిండి పెట్టుకుని ఆకలితో చస్తాయి.

ఆ జనవరిలో మా మంద భూర్జల లోయలో మేస్తోంది. సముద్రపు గాలి వస్తోంది, ఎల్లుండికి వాన అని రేడియో చెప్పింది. నా మొగుడు హైకా వెళ్ళి వాళ్ళ నాన్న ముందు కూచున్నాడు.

"నాన్నా, ఇప్పుడే గుడారం పీకేద్దాం. ఆపకుండా తోలితే ఎల్లుండికి పైన్ అడవిలో పడతాం. అక్కడ చెట్లకే నల్లనాచు వేలాడుతుంటుంది, నేల గడ్డకట్టినా మంద బతుకుతుంది."

"కడుపుతో ఉన్నవాటిని ఈ మెత్తటి మంచులో ఆపకుండా తోలతావా? సగానికి సగం కడుపులు జారిపోతాయి."

"వాన పడితే సగం కాదు, మొత్తం పోతాయి."

"పడుతుందని ఎవరన్నారు? పెట్టెలో మీ చిన్నాన్నా?"

నాకు నవ్వాగలేదు. మామ నా వైపు తిరిగాడు. "నవ్వింది చాల్లే చేపలపిల్లా. కట్టెలకేగా పోతున్నావు? మన టోపీవాళ్ళు ఏం చేస్తున్నారో చూసి రా. నా కళ్ళకి పిట్టా కొమ్మా ఒకటే అయిపోయాయి."

నేను సముద్రం ఒడ్డు నుంచి వచ్చినదాన్ని. ఆ గుడారంలో కాలుపెట్టి ఏడేళ్ళయినా ఆయనకి నేను చేపలపిల్లనే. నేను తోలు కుట్టినా తప్పే, మాంసం ఎండబెట్టినా తప్పే. "చేపలపిల్లకి జింకల సంగతేం తెలుసు" అనకుండా ఆయనకి ముద్ద దిగేది కాదు.

మధ్యాహ్నం వేళ మా లోయలో ఉండే ఆ నీలపు వెలుగులో పిట్టల్ని చూశాను. వందకి పైనే ఉంటాయి. కొమ్మ మీంచి ఒక్కొక్కటే రాయిలా కిందపడి మంచులో దూరిపోతున్నాయి. పరుగున వచ్చి చెప్పాను.

మామ తొడ చరిచాడు. "విన్నావురా! వెలుగుండగానే దూరాయట!" కుండలోంచి అన్నిటికన్నా పెద్ద మూలుగెముక తీసి నా చేతిలో పెట్టాడు. మా ఇళ్ళల్లో అది ఇంటిపెద్ద తినేది. "నా ముసల్ది పోయాక ఈ గుడారంలో చూసే కళ్ళు నీకే ఉన్నాయి, రావ్నా" అన్నాడు. ఆయన నన్ను పేరుపెట్టి పిలవడం అదే మొదలు. ఏనుగెక్కినంత సంబరమైంది నాకు.

గొడ్డలి అక్కడే మరిచిపోయానని మళ్ళీ వెళ్ళాను. వెళ్ళేసరికి మంచు అక్కడక్కడ పగులుతోంది. దూరిన పిట్టలు ఒక్కొక్కటే బయటికి చిమ్ముకొస్తున్నాయి. గాల్లో ఓ చుట్టు తిరిగి, కిచకిచమంటూ పైన్ అడవి వైపు పోయాయి. అన్నీ కాదు, సగం. మిగతావి లేవలేదు. నేను గొడ్డలి పట్టుకుని నిలబడిపోయాను.

గుడారంలోకి వచ్చేసరికి మామ కొడుక్కి గడ్డిపెడుతున్నాడు. "నీ పెళ్ళాన్ని చూసి నేర్చుకోరా. పెట్టె వినడం కాదు." హైకా తలవంచుకుని కాఫీ తాగుతున్నాడు. మాట గొంతుదాకా వచ్చింది. చెబితే మళ్ళీ చేపలపిల్లనవుతాను. సగం పిట్టలు లోపలే ఉన్నాయిగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మూలుగెముక పూర్తిగా తిన్నాను.

వాన ఎల్లుండి దాకా కూడా ఆగలేదు. మర్నాడు సాయంత్రమే మొదలై అర్ధరాత్రి దాకా కురిసింది. తర్వాత గాలి తిరిగి, ఒక్కసారిగా చలి బిగిసింది. తెల్లారి గుడారం గుమ్మంలో కాలుపెడితే జర్రున జారాను. లోయంతా గాజు పరిచినట్టుంది.

నేను మొదట మంద దగ్గరికి పోలేదు. భూర్జల దగ్గరికి పోయాను. గొడ్డలితో మంచుగడ్డ పగలగొట్టాను. మిగిలిన పిట్టలు వానకి ముందు మేసొచ్చి మళ్ళీ అక్కడే దూరినట్టున్నాయి. ఒక్కో గూటిలో ఒక్కో పిట్ట, ముక్కు పైకెత్తి, గోళ్ళు అరిగిపోయి. పైకప్పు పొడిచీ పొడిచీ చచ్చాయి. ఒకదాన్ని తెచ్చి మామ అరచేతిలో పెట్టాను. ఆయన వేలితో దాని గొంతు తడిమాడు. సంచిలో గింజలు అలాగే ఉన్నాయి.

"ఇది మనల్ని మోసం చెయ్యలేదే. ఇదీ నమ్మింది" అన్నాడు.

మంద కాళ్ళతో గడ్డని తవ్వింది. డెక్కలు చీలి రక్తం కారినా తవ్వింది. హైకా, నేనూ గొడ్డళ్ళతో పగలగొట్టినంత మేర నాచు బయటపడేది, అది పది నోళ్ళకి ఒక పూట. తోలుకుపోదామంటే ఆ గడ్డ అంచులకి కాళ్ళు కోసుకుపోతున్నాయి. అయినా తోలాం. దారిపొడుగునా పడిపోయినవాటిని హైకా కత్తితో బాధ నుంచి తప్పించాడు. చూడొద్దు అనేవాడు నాతో, నేను చూసేదాన్ని. మాలో మంద ఎంత అని ఎవరినీ అడగకూడదు, అది మర్యాద కాదు. ఆ ఏడు అడగాల్సిన పనే లేకపోయింది, గుమ్మంలో నిలబడితే అన్నీ ఒక్క చూపులో కనపడేవి.

చుట్టాలొచ్చి మొహాన్నే అన్నారు, "ఇస్సాత్, నువ్వెలా పొరబడ్డావు? మా వైపు పిట్టలు లేచిపోయాయిగా!" ఆయన నా పేరెత్తలేదు. "చూపు ఆనక పొరబడ్డాను" అన్నాడు.

వాళ్ళు పోయాక నన్ను పిలిచాడు. "రావ్నా, నిన్నేమీ అనను, నిజం చెప్పు. ఆ రోజు దూరినవాటిల్లో ఒక్కటన్నా మళ్ళీ లేచిందా?"

హైకా జీను కుడుతున్నవాడల్లా సూది ఆపాడు. చెప్పేద్దామనే నోరు తెరిచాను.

"లేదు మామా. ఒక్కటీ లేవలేదు."

ఆయన తల ఊపాడు. "అయితే వాటికీ తెలియడం మానేసిందన్నమాట. మా తాత చెప్పిందంతా ఇక చెల్లదు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేది.

మరుసటి చలికాలం కట్టెలకి పోయి, కళ్ళారా చూశాను. దూరిన పిట్టలన్నీ, ఒక్కటి మిగలకుండా, లేచి పైన్ అడవి వైపు పోయాయి. ఊపిరాడకుండా పరిగెత్తుకొచ్చి చెప్పాను. "మామా, లేచిపోయాయి! అన్నీ లేచిపోయాయి! ఒట్టు, నా కళ్ళతో చూశాను!"

మామ జాలిగా నా వైపు చూసి, కూచోమన్నట్టు పక్కన తోలు సర్దాడు.

"పిట్టలకేం తెలుసమ్మా, పాపం" అన్నాడు.