గండభేరుండపు రెండవ తల

చైత్రమాసము కడముట్టుచుండెను. పాపికొండల నడుమ గోదావరీమహానది గ్రీష్మారంభమున కృశించి ఉభయతీరములందును విశాలసైకతస్థలములను బయలుపఱచి సన్నని నీలప్రవాహమై వంపులు తిరుగుచు పోవుచుండెను. అస్తాద్రిశిఖరావలంబియగు భానుబింబము వెదురుపొదల తుదలపై కుంకుమకాంతులను చిమ్ముచుండ రాలిన యిప్పపూల మధురగంధము మందమారుతముతో కలిసి లోయలన్నిటిని నింపుచుండ దూరమున నెక్కడనో యొక పడవవాడు తీసిన రాగము కొండకు తగిలి మరలి వచ్చుచుండెను. వినుటకు మాత్రము ఆ గట్టున ఒక్క మనుష్యుడే యుండెను.

అతడు వేదుళ్ళగట్టు సంస్థానమున దారుశిల్పియగు సోమలింగాచారి. నలువదియైదేండ్లవాడు. భార్యయు బిడ్డయు పోయిన యీ పదియేండ్లలో ఎవరైన పలుకరించినగాని పలుకక పలికినను రెండుమాటలకు మించక ఉలియు బాడిసయే చుట్టములుగా కాలము పుచ్చుచున్నవాడు. అట్టివానిని ఈ కొండలకు ఈడ్చుకొనివచ్చినది ప్రభువుగారి వేడుక. ఏరువాకపున్నమనాడు తాము ఎక్కబోవు క్రొత్తపల్లకి మొగమున గండభేరుండము నిలువవలెనని ప్రభువుగారికి బుద్ధిపుట్టెను. అంతటితో ఆగినను బాగుండును. "పాతబొమ్మను చూచి క్రొత్తబొమ్మ చెక్కుట యెవనికి చేతకాదు? పాపికొండలలో రెండుతలల పక్షి యున్నదని పడవవాండ్రు చెప్పుచున్నారు. కన్నులార చూచి చెక్కుము" అని సెలవిచ్చిరి. ప్రభువుల వేడుకలకు పట్టపగ్గములు లేవు గదా! ఆ పక్షిని ప్రాణముతోనో ప్రాణము లేకయో పట్టితెచ్చుటకు తుపాకి యిచ్చి జమేదారు గంగునాయుని తోడు పంపిరి.

ఉగాదినాడు పురోహితుడు ఆచారి కుడిమణికట్టునకు పసుపుతోరపు కంకణము కట్టెను. పని ముగియువరకు దానిని విప్పరాదు. అది చేతనుండగా పురిటిమైల గాని చావుమైల గాని సోకరాదు. సోకినచో దీక్ష చెడును. చెక్కిన చెక్క పొయ్యిలోనికి పోవును.

ఆ సాయంకాలమున ఆచారి వాగునకు ఈవలి బండపై కూర్చుండి ఆవలి యొడ్డునున్న ఏరుమద్దిమ్రానిని కన్నార్పక చూచుచుండెను. తాటిచెట్టంత యెత్తున దాని బోదెలో నొక తొఱ్ఱ. ఆ తొఱ్ఱకడ ఆకుల చాటున నల్లని పెద్దపక్షి వ్రాలెను. పసుపుపచ్చని మహాచంచువు. ఆ చంచువుపై మరియొక చంచువును బోర్లించినట్లున్న కొమ్ము. అంతలో ఆ తలకు ఎదురుగా అదే రంగున అట్టిదే మరియొక ముక్కు పొడచూపెను. రెండును మెల్లగా తాకికొనెను. ఔరా! శిలలపై తాతలు చెక్కినది కల్ల కాదు! పదియేండ్లనుండి దేనికిని చలింపని ఆచారి గుండె దడదడ కొట్టుకొనెను. అతడు పసివానివలె పరుగెత్తి వంటపొయ్యికడ నున్న జమేదారునకు "కంటిని! కంటిని!" అని చెప్పెను.

ఆ చెప్పుటయే అతడు చేసిన పాపము.

మరునాటి యుదయమున తుపాకి మ్రోగెను. కొండలు మాఱుమ్రోగెను. పక్షి దబ్బున క్రిందపడెను. గంగునాయుడు ఎగిరి గంతువేసి దానిని వెల్లకిల త్రిప్పి బోర్ల త్రిప్పి రెక్కల క్రిందను చూచి తోక క్రిందను చూచి "ఇదేం చోద్యం ఆచారీ! రెండో తలకాయేదీ?" అని నోరు వెళ్ళబెట్టెను. దాని కొక్కటే తల. చంచువు కొనయందు ఎఱ్ఱని మేడిపండొకటి నలగక యట్లే యుండెను. పైన తొఱ్ఱను మూసియున్న మట్టిగోడ సందునుండి రెండవముక్కు వెలికివచ్చి ఇటునటు వెదకి యొక్క అరుపు అరచి లోనికి పోయెను.

తుపాకిచప్పుడు విని కొండరెడ్ల పెద్దయగు కత్తుల బొజ్జిరెడ్డి కఱ్ఱ యూతగా కుంటుకొనుచు వచ్చెను. చచ్చిన పక్షిని చూచి తలబాదుకొనెను.

"ఎంతపని చేశారయ్యా! ఇది రెండు తలకాయల పిట్టని మీకెవడు చెప్పాడు? ఇది కొమ్ముపిట్ట. మొగుడు. పెళ్ళాం లోపలుంది. గుడ్లెట్టే ముందు తొఱ్ఱలోకి దూరి మట్టీ రెట్టా కలిపి వాకిలి మూసేసుకుంటది. రెక్కల ఈకలు కూడా రాల్చేసుకుంటది. ఇప్పుడు గోడ పగలగొట్టినా ఎగరలేదు. వానలొచ్చేదాకా మొగుడే పండు తెచ్చి ఆ సందులోంచి నోటికందిస్తాడు. ఇద్దరి ముక్కులూ కలిసినప్పుడు చూసి రెండు తలలనుకున్నారు. అది పురిటిల్లయ్యా, పురిటిల్లు!"

గంగునాయుడు క్షణకాలము చిన్నబోయి మరల తేరుకొనెను. "అయితే మరీ మంచిదాయె! దాన్నీ బయటికి లాగి రెండు తలలూ ఒక్క మొండానికి కుట్టేస్తే సరి. ప్రభువులు కుట్లు విప్పి చూస్తారా ఏం?"

ఆచారి బాడిస చేతబట్టి మ్రాని మొదట నిలిచెను. "జమేదారుగారూ! నన్ను నఱికి ఈ చెట్టెక్కుడు" అనెను. పదియేండ్లలో ఆ కంఠము అంత బిగ్గరగా పలికి యెరుగదు. గంగునాయుడు వానిని ఎగాదిగా చూచి "నీకేమైనా పిచ్చా? సరే, ఏరువాకపున్నానికి పల్లకి లేకపోతే నీ పాట్లు నువ్వే పడు" అని చచ్చిన పక్షిని కాళ్ళు పట్టి వ్రేలాడదీసికొని పడవకడకు పోయెను.

బొజ్జిరెడ్డి తొఱ్ఱవంక చూచి నిట్టూర్చెను. "నాకా, చెట్టెక్కే కాలు లేదు. మావాళ్ళంతా పోడు పనికి పై కొండమీదున్నారు. మీ చేతికేమో తోరముంది. పురిటిల్లు ముట్టకూడదంటారుగా మీ దీక్షలో? ఇక అది లోపల ఎండి చావాల్సిందే."

పక్షికి పురిటిమైల కలదని యే శాస్త్రమును చెప్పదు. కాని ఆ మాట ఆచారి చెవిని కాదు గుండెను తాకెను. పదియేండ్ల క్రిందట దేవుని రథమునకు గుఱ్ఱములు చెక్కునపుడును ఇట్టి కంకణమే అతని చేతనుండెను. ఇంటి వెనుకగదిలో భార్య మంగాయమ్మ రెండుదినములుగా ప్రసవవేదన పడుచుండెను. మూడవనాటి మధ్యాహ్నమున మంత్రసాని తన యింటికి పోయియున్న వేళ ఓరగానున్న తలుపు సందునుండి ఆమె చేయి చాచెను. "ఏమండీ! నాలుక పిడచకట్టుకు పోతోంది. మీ చేత్తో ఒక్క గుక్కెడు నీళ్ళియ్యండి" అనెను. అతడు చెంబువంక చూచెను. కంకణమువంక చూచెను. "మంత్రసానిని పిలుచుకొని వచ్చెదను. ఓర్చుకొనుము" అని చెప్పి వీధిలోనికి పోయెను. తిరిగి వచ్చునప్పటికి తలుపు బార్ల తెరచియుండెను. లోపల బిడ్డకును ప్రాణము లేదు తల్లికిని ప్రాణము లేదు. మైలపడని రథము ఆ యేడు ఊరంతయు తిరిగెను. ఆ గుఱ్ఱములను జనులు నేటికిని పొగడుచుందురు.

ఆచారి మణికట్టును నోటికడకు తెచ్చుకొని కంకణమును పండ్లతో కొఱికి తెంపెను.

వెదురుగడ నిచ్చెన కట్టుకొని పైకెక్కి తొఱ్ఱప్రక్కనున్న కొమ్మచీలికలో కూర్చుండి ఆచారి మేడిపండొకటి సందులో పెట్టెను. లోపలినుండి బుసకొట్టిన చప్పుడు. పండు బయటికి త్రోయబడెను. సాయంకాలము మరల పెట్టెను. మరల త్రోయబడెను. మరునాడును అంతే. "మగపిట్ట ముక్కు కొసనుంచైతేనే తీసుకుంటది. మనిషి వేళ్ళు చూస్తే బెదురు" అని బొజ్జిరెడ్డి క్రిందనుండి కేకవేసెను. మూడవనాటికి లోపలి బుసయు సన్నగిల్లెను. చేతకానితనము ఎట్టిదో అతడు ఒకసారి యెరిగియున్నవాడే.

అంతట అతడు బొమ్మలకు వాడు మెత్తని పొణికికొయ్య యొకటి తెచ్చి బండపై కూర్చుండి చెక్కనారంభించెను. ఏ నమూనాయు లేదు ఏ కొలతయు లేదు. చచ్చిన పక్షి శిరస్సు కన్నులలో మెదలుచుండ ఒక్క పూటలో ఆ చంచువు ఆ కొమ్ము ఆ కంటిచుట్టు వలయము యథాతథముగ దిగెను. పసుపు నూఱి పూసెను. దీపపుమసి పట్టించెను. తన జన్మములో అంత తొందరగా అంత భయముగా అతడు ఏ బొమ్మయు చేసియుండలేదు. తాను ఆకులచాటున దాగి ఆ కొయ్యముక్కు కొనయందు పండు గ్రుచ్చి సందుకడకు చాచెను.

చాలసేపు ఏమియు లేదు. అటుపిమ్మట లోపలినుండి మెల్లగా ఒక ముక్కు వచ్చెను. కొయ్యముక్కును తడవెను. పండును తీసికొనెను.

ఆచారి ఆ కొమ్మచీలికలోనే కూర్చుండి వలవల యేడ్చెను.

నాటినుండి అతనికి వేరుపని లేదు. తెల్లవారగనే మేడిపండ్లు జువ్విపండ్లు ఒడినిండ ఏరుకొని పైకెక్కుటయు ఒక్కొక్కటిగా అందించుటయు దిగుటయు మరల ఎక్కుటయు. లోపల పిల్లల కిచకిచలు వినబడిన పిమ్మట బొజ్జిరెడ్డి మిడుతలను తొండపిల్లలను పట్టి యిచ్చుచుండెను. జన్మమున చీమను తొక్కని ఆచారి కన్నులు మూసికొని వానిని గూడ ముక్కుకు తగిలించి చాచెను. పండందించుచు అతడు దానితో మాటలాడ నేర్చెను. "నేడు ఎండ మెండు. జువ్విపండ్లు తక్కువ దొరకినవి. కోపింపకుము" అనెడివాడు. ఒకనాడు "మంగా" అనబోయి నాలుక కఱచుకొనెను. ప్రత్యుత్తరము మాత్రము ఎన్నడును రాలేదు. రాత్రి వాగుగట్టున వేసికొన్న గుడిసెలో ఒంటరిగ పరుండి రేపటి పండ్లు ఏ వాగుకడ దొరకునా యని తలపోయుచు నిదురించెడివాడు. ఆ యొంటరితనమునకును గడచిన పదియేండ్ల దానికిని ఉన్న భేదము ఆ తలపొక్కటియే.

ఏరువాకపున్నమ దాటెను. పల్లకిని మరియొక శిల్పి ముగించెననియు తన కొలువు వానికే పోయెననియు సరుకు దింపవచ్చిన పడవవాండ్రవలన ఆచారి వినెను. వారే మరియొక వార్తయు చెప్పిరి. "జమేదారు చంపింది పిల్లదంటండీ. పెద్ద గండభేరుండం బతికే ఉంది. ఈ చెట్టుమీదే. రెండు తలలూ మేం కళ్ళారా చూశాం. రోజూ పొద్దుగుంకే వేళకి రెండు ముక్కులూ కలుపుకుంటది!" ఆచారి తన ఒడిలోని కొయ్యముక్కును ఉత్తరీయముతో కప్పికొని నవ్వెను. ఎంత వలదనుకొన్నను నవ్వు ఆగినది కాదు.

తొలకరి కురిసిన మూడవదినమున తొఱ్ఱకడ టకటకమని చప్పుడయ్యెను. మట్టిగోడ పెళ్ళలు పెళ్ళలుగా రాలెను. క్రొత్తరెక్కలతో తల్లిపక్షి వెలికివచ్చి కొమ్మపై నిలిచి ఒడలు విదలించుకొనెను. దానివెనుక రెండు పిల్లలు. ఆచారి ఆకులసందునుండి చూచుచుండెను. తల్లి వానివంక చూడలేదు. కొయ్యముక్కువంకను చూడలేదు. రెక్కలచప్పుడు లోయయెల్ల మ్రోయగా నదిమీదుగా ఆవలి కొండకు ఎగిరిపోయెను. పిల్లలును తడబడుచు వెంబడించెను. "గెలిచావు ఆచారీ! ఇక దిగు. ఇంటికెళ్ళు" అని బొజ్జిరెడ్డి క్రిందనుండి పిలిచి తన త్రోవను పోయెను.

ఆచారి దిగలేదు. ఒడిలో ఇంకను ఒక్క మేడిపండు మిగిలియుండెను. తెల్లవారుజామున వాగులో తడిపి తెచ్చినది. తడి యింకను ఆరలేదు. అతడు దానిని కొయ్యముక్కునకు గ్రుచ్చి ఆ శూన్యకోటరద్వారమునకు చాచి "మంగా! ఇదిగో. పుచ్చుకొనుము" అనెను. చేయి తిమ్మిరెక్కువరకు అట్లే పట్టుకొనియుండెను. పుచ్చుకొనువారు లేరు.

పొద్దు క్రుంకుచుండెను. నదిలో పోవుచున్న పడవవాడొకడు తెడ్డు ఆపి తల పైకెత్తి "అదిగోరా గండభేరుండం!" అని తోడివారికి చూపెను. వారందఱును చూచిరి. చాలసేపు చూచిరి.

"అయ్యో! ఒక్క తలే ఉందేంట్రా?" అని వారిలో పెద్దవాడు అనెను.