ఐదంకెల తర్వాత

తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తే గాని అతను ఇల్లు కదలడు. ఆఫీసులో అందరూ అనుమానాలరావు అంటారు. పనీ అందుకు తగినదే. వెబ్‌సైట్లలో జనం నింపే గళ్ళకు రెజెక్సులు రాస్తాడు. ఏ గడిలో ఏ అక్షరాలు, ఎన్ని, ఏ వరుసలో రావాలో చెప్పే సూత్రాలవి. సరిపోనిది ఏదైనా సరే, ఎర్రక్షరాలతో గుమ్మంలోంచే వెనక్కి.

"మనుషుల్ని నమ్మకూడదమ్మా, గళ్ళలో ఏదైనా కొడతారు" అని పక్క సీటు అమ్మాయికి రోజూ చెబుతాడు.

ఆ ఉదయం కుర్చీ దులుపుకుంటుండగా బావ ఫోన్ చేశాడు. ఇద్దరికీ మాటల్లేక చాలా కాలమైంది. ఆ కోపంలో అక్క గడప తొక్కడమూ మానేశాడు.

"మీ అక్కకి ఆయాసంగా ఉంది. ఆసుపత్రికెళ్తే సైట్లోనే టైం తీసుకోమన్నారు. నిన్నట్నుంచి కొడుతుంటే ఫోన్ నంబరు తప్పంటోంది. ఆ సైటు నువ్వే చేశావటగా?"

అతనికి ఒళ్ళు మండింది. దెప్పడానికి దొరికిందన్నమాట సాకు!

"నా వైపు తప్పుండదు బావా. మీరే ఏదో కొట్టుంటారు."

"నేను కాదురా, మీ అక్కే కొడుతోంది. నన్ను ముట్టుకోనిస్తేగా! మా తమ్ముడు చేసింది, నాకొచ్చు అంటుంది."

అయినా నమ్మలేదు. సూత్రానికి తను రాసుకున్న పరీక్షలన్నీ మళ్ళీ నడిపాడు. అన్నీ సరేనన్నట్టు పచ్చగా వచ్చాయి. రావూ మరి? ప్రశ్నా తనదే, జవాబూ తనదే. మధ్యాహ్నం డబ్బా తెరిచి అన్నం వాసన చూస్తుండగా ఏమనిపించిందో, స్క్రీన్ ఫొటో పంపమని బావకు మెసేజ్ పెట్టాడు.

ఫొటోలో పది అంకెలూ సరైనవే. ఐదంకెల తర్వాత చిన్న ఖాళీ ఉంది. చిన్నప్పుడు అతనికి నంబర్లు బట్టీ పట్టించింది అక్కే. "ఐదు చెప్పి ఊపిరి పీల్చుకోరా, తర్వాత ఐదు చెప్పు" అనేది.

అతని సూత్రం ఆ ఖాళీని ఒప్పుకోలేదు. ఒప్పించడానికి అందులో రెండు గుర్తులు చేరిస్తే చాలు. చేర్చి, ఎవరినీ అడక్కుండా సైట్లోకి ఎక్కించాడు. అక్క నంబరు ఆమె కొట్టినట్టే కొట్టాడు. గడి పచ్చబడింది. టైం తీసుకుని బావకు ఫోన్ చేశాడు.

"బావా, రేపు పొద్దున్న మొదటి పేరు అక్కదే. నేనూ వస్తాను."

"ఇప్పుడే పోయిందిరా."

అతనికి ఏడుపు రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. సొరుగుకు తాళం వేయకుండానే లేచి అక్క ఇంటికి వెళ్ళాడు.

అక్క మంచం పక్కన ఆమె ఫోన్ ఇంకా ఛార్జింగులోనే ఉంది. ఏదైనా అయితే ఎవరికి కబురు చేయాలో తెలిసేలా, వెనక అంటించిన కాగితం మీద తన చేత్తో అతని నంబరు రాసి పెట్టింది: ఐదంకెలు, కాస్త ఖాళీ, మళ్ళీ ఐదంకెలు.