గంప కింద పుంజు

ఆ ఇంట్లో రోజూ పొద్దున్నే గుడ్డు ఉడుకుతుంది. ఉడికిన గుడ్డు కడుపుతో ఉన్న కూతురికి కాదు, కోడిపుంజుకు పెడతారు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఈ ఏర్పాటుకు ఒప్పుకున్నది పిల్ల తల్లి అమలమ్మే.

కూతురు క్రిస్టినా భవానీపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. ఏడో నెలలో పురిటికి పామర్రు దగ్గరి ఈ పుట్టింటికి వచ్చింది. ఒంట్లో రక్తం బొత్తిగా లేదనీ, ఇలాగే ఉంటే కాన్పు కష్టమవుతుందనీ, రోజూ గుడ్డు పెట్టాలనీ ఆస్పత్రిలో గట్టిగా చెప్పి పంపారు. అంగన్‌వాడీ నుంచి గుడ్లు వస్తూనే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే టీవీలో బర్డ్ ఫ్లూ మొదలైంది.

అల్లుడు జాన్సన్ భవానీపురం నుంచి పూటకో వీడియో పంపేవాడు. "అత్తయ్యగారూ, గుడ్డు ముట్టుకోనివ్వకండి. తిన్నోళ్ళు తిన్నట్టే పోతున్నారంట" అని ఫోన్లో ఒకటే గోల. పక్కింటి దానమ్మ ఇంకో మెట్టెక్కి, కోడికూర ఉడికే ఆవిరి పీల్చినా రోగం అంటుకుంటుందంది. అమలమ్మ కోడికూర వండే గిన్నెను బూడిదతో తోమి తోమి అటకెక్కించింది. గుడ్డుకు బదులు తోటకూర, మునగాకు, బెల్లం, చేపల పులుసు, ఏ పూటకు ఏది దొరికితే అది వండి పెట్టేది. ఎన్ని పెట్టినా పిల్ల కనురెప్పల లోపల ఎరుపన్నదే కనపడటం లేదు. అమలమ్మకు పని కొత్త కాదు, మినప చేల్లో పుట్టి పెరిగిన మనిషి. కానీ ఇలా భయపడుతూ పని చేయడం అలవాటు లేదు. సాయంత్రానికి కాళ్ళు లాగేసి, గడప మీద కూలబడితే లేవబుద్ధయ్యేది కాదు.

మరి గుడ్లు పారేస్తే పాపం కదా. అందుకని వాటిని మొగుడు బాలశౌరి తన పుంజుకు పెట్టేవాడు. అది మామూలు పుంజు కాదు, డేగ. ఎర్రటి ఈకల పందెం కోడి. బరిలో రెండుసార్లు గెలిచిందని దానికి బాదంపప్పు, ఖీమా, గోరువెచ్చటి నీళ్ళ స్నానం. గుణదల కొండ మీద మరియమాతకు దాని పేరున కొవ్వొత్తి కూడా వెలిగించి వచ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన పేరున ఒక్కటి వెలిగించాడో లేదో అమలమ్మకు తెలియదు.

"ఈ రోగం ఫారం కోళ్ళకేనే. మందులు పొడిచి పెంచుతారు కాబట్టి వాటికొచ్చింది. చెత్తా చెదారం తిని పెరిగే నాటుకోడికి ఎందుకొస్తుంది?" అనేవాడు బాలశౌరి. ఊరంతా అదే మాట. అమలమ్మకూ అది న్యాయంగానే తోచింది. పెరట్లో తిరిగే తన పెట్టల్లో రెండు ఒకే రోజు చచ్చి పడి ఉంటే, ఏటా వచ్చే కొక్కెర తెగులే అనుకుంది. కాళ్ళు పట్టుకుని తీసుకెళ్ళి కాలవలో విసిరేసింది. చేతులు చీర కొంగుకు తుడుచుకుని లోపలికొచ్చి, కూతురికి తల దువ్వి జడ వేసింది.

తర్వాత డేగ ముడుచుకుంది. నెత్తి మీది ఎర్రజుట్టు నల్లబడి, ముక్కు కారి, గొంతు గురగురలాడింది. పెరట్లో మంచు పడుతుందని బాలశౌరి దాన్ని నడిమింట్లోకి తెచ్చి, క్రిస్టినా మంచం పక్కన గంప కింద పెట్టాడు. పందెగాళ్ళు తరతరాలుగా చేసే వైద్యమే చేశాడు. దాని ముక్కు తన నోట్లో పెట్టుకుని కళ్ళె లాగి బయటికి ఉమ్మేవాడు.

"నాన్నా, వాసనకి కడుపులో తిప్పుతోంది. దాన్ని బయట పెట్టు" అంది క్రిస్టినా.

"నాలుగు రోజులు ఓర్చుకోమ్మా. మూగజీవి కదా" అన్నాడు బాలశౌరి.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. అమలమ్మకు వాదించే ఓపిక లేకపోయింది. గంప దగ్గర రాలిన ఈకలు ఊడ్చి పడేసి, కూతురికి తోటకూర పప్పు కలిపి పెట్టింది.

ఊరి చివర ఫారంలో కోళ్ళు గుట్టలుగా చచ్చాయి. పరీక్షలో అదే రోగమని తేలింది. ఆటోకు మైకు కట్టి, ఇళ్ళల్లో ఉన్న కోళ్ళన్నీ అప్పగించాలని చాటింపు వేశారు. బాలశౌరి గంప మీద పాత చీర కప్పి, పైన దిండ్లు పేర్చాడు.

"పుంజుని ఎప్పుడో అమ్మేశామని చెప్పు. నీ నోట్లోంచి ఇంకో మాటొచ్చిందంటే నేనీ ఇంట్లో ఉండను, ఏమనుకున్నావో!" అన్నాడు.

అమలమ్మ చీపురు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

తెల్లటి సూట్లలో మనుషులు వచ్చి పెరట్లో మిగిలిన పెట్టల్ని సంచుల్లో వేసుకున్నారు. అవి తను గుడ్లు పొదిగించి, గద్దల బారిన పడకుండా కాచిన పెట్టలు. అమలమ్మకు ఏడుపొచ్చింది గానీ మింగుకుంది. వాళ్ళతో వచ్చిన పశువుల డాక్టరు మనోజ్ఞ వయసులో క్రిస్టినా కంటే చిన్నది. పొద్దున్నుంచీ ఎన్ని గడపలు తొక్కిందో, ఎన్ని శాపనార్థాలు విందో, అరుగు మీద కూర్చుని మాస్కు సర్దుకోవడానికి కూడా ఓపిక లేనట్టుంది.

"ఇంకేమన్నా ఉన్నాయాండీ? పుంజులు?"

"లేవండీ. పోయిన నెలే అమ్మేశాం" అన్నాడు బాలశౌరి, చటుక్కున.

డాక్టరు తలూపి లేచింది. అమలమ్మ మనసులో ఒక మాట చాలా రోజులుగా నలుగుతోంది. ఇన్నాళ్ళ అవస్థకు ఒక్కరైనా మెచ్చుకుంటే బాగుండుననిపించింది.

"మా అమ్మాయి వట్టి మనిషి కాదమ్మా. ఈ రోగం మొదలైన కాడ్నుంచి గుడ్డన్నది దాని నోటికి చేరనివ్వలేదు. ఇంక భయం లేదు కదా?"

మనోజ్ఞ గుమ్మంలోంచి లోపలికి చూసింది. మంచం మీద తెల్లగా పాలిపోయి కూర్చుంది క్రిస్టినా.

"ఎందుకండీ మానేశారు? బాగా ఉడికించిన గుడ్డుతో, కూరతో ఈ జబ్బు రాదు. ఆ వేడికి రోగక్రిమి బతకదు. జబ్బు కోడి దగ్గరే ప్రమాదమంతా. దాని చీమిడి, రెట్ట, ఈకలు తగిలితే భయపడాలి. మనుషులకి అరుదుగానే వస్తుంది, వస్తే మాత్రం తేలిగ్గా వదలదు. కడుపుతో ఉన్నవాళ్ళకి మరీనూ. నాటుకోడైనా ఫారం కోడైనా ఒకటే. మీ ఇంట్లో ఏవైనా చచ్చాయా? చేతుల్తో ముట్టుకున్నారా?"

అమలమ్మ తన రెండు చేతులూ చూసుకుంది. ఈ చేతులతోనే పిల్లకు జడ వేసింది, ముద్దలు కలిపింది. పిల్ల ఒంట్లో నాలుగు చుక్కల రక్తం పట్టించే గుడ్డును శత్రువులా చూసి, అసలు శత్రువును పిల్ల మంచం పక్కనే పక్క వేసి పడుకోబెట్టింది. తన మీద తనకే అసహ్యం ముంచుకొచ్చింది.

డాక్టరు అప్పటికే వీధి గుమ్మం దాటుతోంది. బాలశౌరి పెళ్ళాం వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలడం ఉంది. అదే ఆవిడకు ఎక్కువ కష్టమనిపించింది.

"డాక్టరమ్మా, ఆగండి" అంది అమలమ్మ. "పుంజు ఉంది. లోపల, మా పిల్ల మంచం పక్కన. ఈయన దాని గొంతులో కళ్ళె నోటితో లాగాడు. చచ్చిన పెట్టల్ని నేను ఉత్త చేతుల్తో కాలవలో పారేశాను."

డేగ అరవలేదు, గింజుకోలేదు. తెల్లసూటు మనిషి చేతుల్లో మెడ వాల్చేసింది.

"బిడ్డలా పెంచుకున్నాను కదే" అన్నాడు బాలశౌరి.

"బిడ్డ మంచం మీద ఉంది. అటు చూడు" అంది అమలమ్మ.

ఆ సాయంత్రమే ఆస్పత్రి వాళ్ళు వచ్చి ముగ్గురి ముక్కుల్లోంచీ నమూనాలు తీసుకుని, మందులిచ్చారు. జ్వరం వస్తే వెంటనే చెప్పమన్నారు. క్రిస్టినాను వెనక గదిలోకి మార్చారు. అమలమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని, సబ్బుతో చేతులు అరిగేలా కడుక్కుని గుమ్మం దగ్గర పళ్ళెం పెట్టి వచ్చేది. బాలశౌరి ఇల్లు వదిలి ఎక్కడికీ పోలేదు. అరుగు మీద చాప వేసుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున ఊళ్ళో ఒక్క కోడీ కూయకపోయినా వేళకి లేచి కూర్చునేవాడు.

పుంజుకు ఉన్నది ఆ రోగమేననీ, ఇంట్లో ముగ్గురికీ ప్రస్తుతానికి లేదనీ ఒక పొద్దున ఫోన్ వచ్చింది. ఇంకొన్నాళ్ళు జాగ్రత్తగా ఉండాలన్నారు. అమలమ్మ ఆ మాట అరుగు దగ్గరికి వచ్చి చెప్పింది. బాలశౌరి విన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి నోరు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. పెదాలు ఎర్రబడేదాకా తుడుస్తూనే ఉన్నాడు.

వంటింట్లో గుడ్డు ఉడుకుతున్న వాసన వచ్చింది. బాలశౌరి లేచి గుమ్మం దాకా వచ్చి, గడప ఇవతలే ఆగిపోయాడు.

"అమ్మాయ్, గుడ్డు తిన్నావా?" అని లోపలికి కేకేశాడు.

"తింటున్నాను నాన్నా" అంది క్రిస్టినా వెనక గదిలోంచి.

అమలమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. ముక్కుకు కట్టుకున్న గుడ్డ తడిసిపోయేదాకా ఏడ్చింది.