సున్నివా కారులో పశువుల డాక్టరు

మా దీవిలో మనుషులకంటే గొర్రెలే ఎక్కువ. పశువుల డాక్టరు మాత్రం ఒక్కడే, బార్దుర్. ఒక మధ్యాహ్నం తాగి వ్యాను నడుపుతూ మా ఊరి హానుస్‌ను గుద్దేశాడు. హానుస్ కాలు మూడుచోట్ల విరిగింది. బార్దుర్‌కు పది నెలల జైలు, మూడేళ్ళు డ్రైవింగు లైసెన్సు రద్దు.

వైద్యం చేసే హక్కు పోలేదు. అందుకే విడుదలై రాగానే, ఊరి ఉమ్మడి గదిలో అతను నడిపిన పాత ఆసుపత్రిని అతనికి తిరిగి ఇవ్వాలా వద్దా అని బడిలో సమావేశం పెట్టారు.

హానుస్ చెల్లెలు సున్నివా అందరికంటే ముందు లేచింది. "మా అన్నయ్యను కుంటివాణ్ణి చేసినవాడికి మళ్ళీ దర్జాగా డాక్టరుగిరీనా?"

"మధ్యలో గొర్రెలేం చేశాయమ్మా?" అన్నాను.

"నువ్వు నోర్ముయ్. వీడు జైలుకెళ్ళాక నీ కొట్లో చుట్టల బేరం పోయిందని నీ ఏడుపు!"

అందరూ నవ్వారు. బార్దుర్ తల దించుకునే మాట్లాడాడు. "అడిగే మొహం నాకు లేదు. కానీ వేరే పని రాదు. వారంనుంచి చేపల ఫ్యాక్టరీకి వెళ్తున్నాను. అక్కడికి వచ్చేవాటికి డాక్టరుతో పనే లేదు."

నాలుగు ఓట్ల తేడాతో సున్నివా మాటే నెగ్గింది.

ఏప్రిల్‌లో ఒక ఉదయం సున్నివా గొర్రె ఈనలేక విలవిల్లాడింది. పక్క దీవి డాక్టరు రావాలంటే పొగమంచుకి పడవలు కదలడంలేదు. "వెళ్ళి బార్దుర్‌ను తీసుకురావే" అన్నాడు హానుస్.

"చచ్చినా వెళ్ళను."

"చచ్చేది నువ్వు కాదు, అది."

ఫ్యాక్టరీ ముందు కారాపి, సున్నివా బార్దుర్ మొహంలో మొహం పెట్టింది. "ఊదు!"

ఊదాడు. చేపల కంపు తప్ప ఇంకేం లేదు. "ఎక్కు. మాట్లాడకు."

పిల్ల తల వెనక్కి తిరిగి ఇరుక్కుపోయింది. బార్దుర్ గడ్డిమీద పడుకుని, మోచేతిదాకా చెయ్యి పెట్టి, దాన్ని మెల్లగా లోపలికి నెట్టి తల సరిచేశాడు. అరగంటలో పిల్ల బయటపడింది. వెనకే ఎవరూ అనుకోని రెండోది.

సున్నివా కళ్ళు తుడుచుకుంటుంటే హానుస్ అన్నాడు: "నా కాలెలాగూ బాగవదు. వీడి చేతులు కూడా పోగొట్టుకుంటే మనకేం ఒరుగుతుందే?"

ఆమె రెండు పిల్లల్నీ తల్లి దగ్గరికి జరిపింది. తర్వాత బార్దుర్ వైపు తిరిగింది. "క్షమించాననుకోకు."

"అనుకోవడం లేదు."

"రేపు ఏడింటికి తయారుగా ఉండు. ఉత్తరాన మూడు మందలున్నాయి. బండి నేనే నడుపుతా. నిన్ను స్టీరింగు దగ్గరికి రానిచ్చేది లేదు."

ఆ నెల సమావేశంలో గది అతనికే ఇవ్వాలని అడిగింది కూడా ఆమే. ఈసారి ఓట్లు లెక్కపెట్టాల్సిన పని రాలేదు.

రెండేళ్ళయింది. ఇప్పటికీ అతన్ని ఆమే తిప్పుతోంది. దారిలో ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారని మొన్న హానుస్‌ను అడిగాను.

"మొదటి ఏడాది ఒక్క ముక్క కూడా లేదట. ఇప్పుడు నేను కట్టిచ్చే భోజనం తింటూ ఇద్దరూ కలిసి నా వంటను తిడుతున్నారట" అన్నాడు, తెగ సంబరపడుతూ.