తమ్ముడి అసలు పేరు

పసుపుజుట్టు రాకాసి అల్బార్స్తీ పసివాడి ఊపిరిని గుప్పిట్లో పట్టుకుని వాగు గట్టున కూర్చుంది. దాన్ని నీళ్లలో ముంచితే పిల్లాడు దక్కడని ఆ కొండల్లో అందరికీ తెలుసు. ఉయ్యాల్లో తమ్ముడు నీలంగా మారడం చూసి, తొమ్మిదేళ్ల జిపార్ గుడారంలోంచి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"ఇచ్చెయ్యవే, దొంగదానా!"

"అబ్బో, నోరు! వాడి పేరు చెప్పు, ఇచ్చేస్తా. పేరు చెబితే ఇవ్వాల్సిందే, మా కట్టుబాటది."

"ఇతాల్మస్!"

రాకాసి పకపకా నవ్వింది. "కుక్క కూడా ముట్టదనా? అది నన్ను ఏమార్చడానికి పెట్టిన పేరు కదే పిల్లా. అసలుది చెప్పు."

జిపార్‌కు అది తెలీదు. ముందు పుట్టిన ఇద్దరు తమ్ముళ్లూ దక్కలేదని, ఈసారి నానమ్మ అసలు పేరు వాడి చెవిలో మాత్రమే ఊదింది. కన్నతల్లికి కూడా చెప్పలేదు, అంత జాగ్రత్త! మంచు కరగకముందే నానమ్మను గుట్ట మీద పూడ్చిపెట్టారు.

జిపార్ ఏడుస్తూ, తెలిసిన పేర్లన్నీ ఒక్కొక్కటే అరిచింది. రాకాసి ప్రతిదానికీ ఓపిగ్గా తల అడ్డంగా ఊపింది.

"ఇంకేం లేవా?"

జిపార్ ఆ గుప్పిట వైపు చేతులు చాచింది.

"మీ నానమ్మ మహా గట్టిదే తల్లీ. ఎవరికీ దొరక్కుండా దాచింది" అంటూ అల్బార్స్తీ గుప్పిటను నీళ్లలోకి దించింది.